నాలుగో నంబరు మంచం

హిందూపురం,
10-6-1957

చిరంజీవి చెన్నకేశవులుకు బావ తిమ్మరాజు ఆశీర్వాదాలు.

నేను బాగానే ఉన్నాను. ఇంట్లో వండిపెట్టేవాళ్లు లేక హోటలు సాంబారుతో రోజులు నెట్టుకొస్తున్నాను, అదొక్కటే కష్టం. మీ అక్కనూ పిల్ల బుజ్జమ్మనూ పోయిన వారమే ధర్మవరం పంపేశాను. బెంగుళూరు నుంచి వచ్చే ప్రతి రైల్లోనూ ఈ కొత్త జ్వరంతో ఇద్దరో ముగ్గురో దిగుతున్నారు. బెల్లం మండీలో మూటలు మోసేవాళ్లు సగం మంది పడకేశారు. నాగమ్మకు ఐదో నెల కదా, ఈ ఊళ్లో ఉంచడానికి నాకు ధైర్యం చాలలేదు. మా అమ్మ దగ్గరైతే నిమ్మళంగా ఉంటుంది.

ఇప్పుడు ఆఫీసు సంగతి. ఈ జ్వరం దేశమంతా పాకుతోందట. ఏ ఆసుపత్రి ఎంతవరకు సిద్ధంగా ఉందో వారం వారం తెలపాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. అచ్చు ఫారాలు ఇందులోనే పెట్టాను. శనివారం పొద్దున ఎనిమిది గంటలకు లెక్క తీయాలి, ఆ రోజు టపాలోనే వేయాలి. మొత్తం మంచాలెన్ని, రోగులున్నవి ఎన్ని, ఖాళీ ఎన్ని, మందులు ఎన్నాళ్లకు వస్తాయి, మంచాల మీద ఉన్నవారిలో పోయినవారెందరు. నిలువు గడుల్లో ఆరోది రిమార్కుల కాలం, దాని జోలికి పోవద్దు. ఈ చుట్టుపక్కల ఆసుపత్రుల లెక్కలన్నీ కలిపి పైకి పంపేది నేనే. మంచాలు చాలనిచోటికి డాక్టరునూ మందులనూ ఇస్తారు.

నీ అక్షరాలు కోడి గీకినట్లుంటాయి. అంకెలైనా గుండ్రంగా రాయి. బావమరిదివని వదిలిపెడతానని మాత్రం అనుకోకు.

తిమ్మరాజు


పెనుకొండ,
15-6-1957

పూజ్యులైన బావగారికి చెన్నకేశవులు నమస్కారాలు.

మీ ఫారం నింపి వేరే కవరులో వేశాను. అంకెలు ఒకటికి రెండుసార్లు దిద్దాను, ఇంకా కోడి గీతలంటే నేనేమీ చేయలేను.

మా కోటవాకిలి ఆసుపత్రి సంగతి మీకు తెలిసిందే. డాక్టరుగారు ఏప్రిల్లో బదిలీ అయి పోయారు, కొత్తాయన రాలేదు. కాంపౌండరును నేనూ, ఆయా దాసమ్మా, ఇద్దరమే ఈ సంసారం ఈదుతున్నాం. ఎనిమిది ఇనుప మంచాలున్నాయి. మొన్ననే తెల్లరంగు వేయించి, తలవైపు పలకల మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు రాయించాను. రోగులు ఇద్దరే. ఖాళీ ఆరు. దేవుడి దయవల్ల ఇట్లాగే ఉంటే మీ డాక్టరుతో మాకు పనే ఉండదు.

అక్కను ధర్మవరం పంపి మంచిపని చేశారు. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, దానికి పది. ఆ పదేళ్లది నన్ను చంకనేసుకుని సాకింది. నేను ఈ రోజు తెల్లకోటు వేసుకుని నిలబడ్డానంటే దాని చలవే. దానికి ఒక కార్డు రాస్తూ ఉండమని మీరైనా చెప్పండి, నేను చెబితే వినదు.

చెన్నకేశవులు


పెనుకొండ,
1-7-1957

బావగారికి నమస్కారాలు.

పోయిన ఉత్తరంలో దేవుడి దయ అని రాశాను. నా నోట్లో మన్ను పడ!

పదిరోజుల్లో ఊరంతా పడుకుంది. సోమందేపల్లి వైపు నుంచి బండ్లమీద తెచ్చి దింపుతున్నారు. మూడురోజుల్లో తగ్గేవాళ్లకు తగ్గిపోతోంది. కొందరికి మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగుతోంది. అటువంటివాళ్లను వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి, వెల్లకిలా పడుకోబెడితే ఊపిరాడదు. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

ఈరన్న అని గొర్రెలు మేపుకునే మనిషి, మూడో నంబరు మంచం మీద ఉన్నాడు. దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. గురువారం ఎగశ్వాస మొదలైంది. వాళ్లన్న వచ్చి చూశాడో లేదో, "ఇంగ దించుదాం, పట్టండబ్బా" అన్నాడు. నేను అడ్డం పోయాను.

"ఏమప్పా, ఆయప్ప ఇంకా బతికే ఉండాడు గదా! నేల మీద పండబెడితే ఊపిరాడదు."

"మంచం మీద పానం పోతే ఆయప్పకు గతి యాడిది, కాంపౌండరా? నీకు జీతమొస్తాది, మాకు పాపమొస్తాది."

ఈరన్న పెళ్లాం ఉలిగమ్మ నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది, అడ్డం రావద్దని. నలుగురూ నాలుగు చేతులు వేసి దించారు. బండల మీద వెల్లకిలా పడుకోబెట్టిన గంటకు పోయాడు. చూడు, నేల తగిలినాకనే సుఖంగా పోయినాడు అన్నారు.

అప్పటినుంచి ఇదే వరస. జ్వరం తక్కువగా ఉన్నవాళ్లు మంచం మీద ఉంటారు. ముదిరితే చాలు, దించేస్తారు. దించిన మంచం మీదికి మరొకరు ఎక్కరు. ఈ శనివారం లెక్కకు మంచాల మీద ఇద్దరు, నేల మీద ఇరవై ముగ్గురు. పోయినవాళ్లు ఐదుగురు, అందరూ నేల మీదే. మీ ఫారం ప్రకారం ఖాళీ ఆరు, మరణాలు సున్న. అందుకే రిమార్కుల్లో ఉన్నదున్నట్లు రాశాను. డాక్టరును పంపించండి బావా. పెనిసిలిన్ వారానికి కూడా రాదు.

చెన్నకేశవులు


హిందూపురం,
4-7-1957

చిరంజీవి చెన్నకేశవులుకు ఆశీర్వాదాలు.

రిమార్కుల జోలికి పోవద్దని చిలక్కు చెప్పినట్లు చెప్పాను. ఆ కాలం స్టేట్‌మెంటు ఆలస్యమైతే కారణం రాయడానికి. అందులో నువ్వు కథ రాసి, పక్కకు తిప్పి మళ్లీ రాసి, వెనకవైపు కూడా రాశావు. ఇట్లాంటివి పైకి పోతే మా మొహాన కొడతారు, ఆ వారం మీ ఆసుపత్రి లెక్కే లేనట్లవుతుంది. అందుకని నేనే కూర్చుని శుద్ధప్రతి రాసి పంపాను. అంకెలు నీవే, ఒక్కటీ మార్చలేదు. రిమార్కులు మాత్రం తీసేశాను.

మాకు దొరికింది ఒక్క డాక్టరు. ధర్మవరంలో పన్నెండు మంచాలుంటే పన్నెండూ నిండి ఉన్నాయి. మీకు ఆరు ఖాళీ. ఆఫీసరుగారు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసి డాక్టరును ధర్మవరానికి వేశారు. పెనిసిలిన్ పెట్టె కూడా అక్కడికే పోయింది. నీ దగ్గర దాచేదేముంది, నాకు సంతోషమే అయింది. మీ అక్క ఉన్న ఊరికి డాక్టరు పోతున్నాడు కదా. మగ్గాల వీధుల్లో ఇంటికొకరు మూలుగుతున్నారట.

మీ వంతు కూడా వస్తుంది. కొంచెం ఓపిక పట్టు.

తిమ్మరాజు


పెనుకొండ,
8-7-1957

బావా,

మర్యాదలు తరువాత రాస్తాను.

ఈ శనివారం ఎనిమిది మంచాలూ ఖాళీ. మీకు చాలా సంతోషంగా ఉంటుంది. నేల మీద ముప్పైనాలుగు మంది. వసారాలో కాలు పెట్టే చోటు లేక దాసమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. ఎంత ముదిరితే అన్ని మంచాలు ఖాళీ అవుతున్నాయి ఇక్కడ. మీరు దాన్ని చూసి పెనుకొండ కోలుకుంటోందని రాసుకుంటున్నారు.

మీరు పరదేశం నుంచి వచ్చారా? మా తాత, మీ అమ్మను కన్న తండ్రి, పోయినప్పుడు నులకమంచం మీదినుంచి దించింది ఎవరు? తలవైపు పట్టుకున్నది మీరు. కాళ్లవైపు మా నాయన. నేను చెంబుతో నీళ్లు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. మన ఇళ్లల్లో మంచం ఖాళీ అయిందంటే ఏమిటో మీకు తెలియదా? ఆ కుర్చీలో కూర్చోగానే మరిచిపోయారా?

అక్క ఉన్న ఊరికి డాక్టరు పోయినందుకు నాకూ సంతోషమే. నేను అది కాదనను. కానీ ఇక్కడ నేల మీద ఉన్నవాళ్లు కూడా ఎవరికో అక్కలే.

చెన్నకేశవులు


హిందూపురం,
15-7-1957

చిరంజీవి చెన్నకేశవులుకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడురోజులు తిరిగాను. నువ్వు అన్నది నిజం. తాతను దించిన సంగతి నాకు గుర్తుంది. ఫారం చేతికొచ్చినప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. ఎందుకు రాలేదో నాకే తెలియదు.

నోటు రాసి ఆఫీసరుగారి ముందు పెట్టాను. ఆయన చదివి, "మంచాలు ఖాళీగా ఉన్నాయా, లేవా? ఉన్నాయి కదా! మూఢనమ్మకాలకు మన ఫారంలో కాలం లేదయ్యా" అన్నారు. నోటు ఫైలులో పడింది. పైగా కొత్త ఉత్తరువు వేశారు. ధర్మవరంలో మంచం దొరకనివాళ్లను రైల్లో పెనుకొండకు పంపాలి, అక్కడ ఎనిమిది ఖాళీగా ఉన్నాయి కాబట్టి. ఆ ఉత్తరువు శుద్ధప్రతి రాసింది కూడా నేనే.

ఇంకొక సంగతి. నాగమ్మకు నాలుగురోజులుగా జ్వరం. నీకు రాయవద్దని అమ్మ చెప్పింది, నేనూ రాయలేదు. నిన్న ఆదివారం పోయి చూసి వచ్చాను. దగ్గు ఎక్కువగా ఉంది. అక్కడి ఆసుపత్రిలో మంచం కాదు కదా, వాకిలి దాకా పోవడానికే దారి లేదు. డాక్టరు పాపం ఒక్కడు, రెండువందల మంది మీద పడుతున్నారు. పెనుకొండకు పోతే మంచముంది, సొంత తమ్ముడు చూసుకుంటాడు అని నేనే నిర్ణయం చేశాను. అమ్మ వెంట వస్తుంది. బుజ్జమ్మను పక్కింటి శంకరమ్మ దగ్గర వదులుతున్నారు.

నా మీద ఉన్న కోపం దాని మీద చూపించవు కదా. చూపించవని తెలుసు, ఊరికే రాశాను.

తిమ్మరాజు


ధర్మవరం,
16-7-1957

తమ్ముడు చెన్నకేశవులుకు మీ అక్క నాగమ్మ రాసేది ఏమనగా,

నాకేమీ ల్యాదు, ఉత్త దగ్గే. మీ బావ ఊరికే బెదరుకుంటాడు, నీకు తెల్సుగదా. రేపు పొద్దున బండికి ఎక్కుతాండాము. నీ కాడ ఇనప మంచాలుండాయంట, వాటి కింద స్ప్రింగులుండాయంట. మన ఇంట్లో ఉన్నది ఒగటే మంచం, అది నాయనది. ఈడికొచ్చినాక అత్తది. నేను పుట్టినప్పటిసంది నేలమీదే పండుకున్న్యా. జరం పుణ్యాన మంచమెక్కుతాండా చూడు! ఎచ్చరికగా ఒగటి నాకని ఎత్తిపెట్టు, ఎవురికీ ఇయ్యొద్దు.

నువ్వు యాళకు తింటాండావో ల్యాదో. వచ్చి చూస్తాగా. చిక్కిపోయింటే చెవి పిండుతా. బుజ్జిది నా కొంగు ఇడిసిపెట్టకుండా ఉండాది, దాన్ని ఏమార్చి రావాల.

నాగమ్మ


పెనుకొండ,
17-7-1957

బావా,

పంపవద్దు. మీ ఉత్తరమూ అక్క కార్డూ రెండూ ఇప్పుడే ఒక్క టపాలో వచ్చాయి. ఇక్కడ మంచం ఉంది, డాక్టరు లేడు. పెనిసిలిన్ నిన్నటితో అయిపోయింది. అక్కడ మంచం లేదు, డాక్టరున్నాడు, మందుంది. మనిషిని బతికించేది మంచమా? చాపమీద పడుకోబెట్టయినా సరే ఆ డాక్టరు గడపలోనే ఉంచండి. రెండువందల మందిలో రెండువందల ఒకటోది అవుతుంది, కానీలే. ఈ కాగితం అందగానే ధర్మవరానికి తంతి కొట్టండి. నేనూ ఇప్పుడే పోస్టాఫీసుకు పోతున్నాను.

తా.క. ఈ కవరు అంటిస్తుండగానే జట్కా వాకిట్లో ఆగింది. అక్కా, గంగులత్తా దిగారు. ఇంక తంతి ఎందుకు?

నాలుగో నంబరు మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి పడుకోబెట్టాను. ఆ మంచం మీదినుంచి ఇంతవరకు ఎవరినీ దించలేదు, ఎక్కినవాళ్లు తగ్గి ఇంటికి నడిచిపోయారు. అత్త నన్ను రెండుసార్లు అడిగి ఆ సంగతి రూఢి చేసుకుంది. అక్క మంచమెక్కి, స్ప్రింగుల మీద ఒకసారి ఊగి చూసి నవ్వింది. నవ్వు వెంటనే దగ్గులోకి తిరిగింది. జ్వరం నూటమూడు. సల్ఫా మాత్రలు మొదలుపెట్టాను. మూడు దిండ్లు వెనక పెట్టాను. మీరు వీలైతే రండి.

చెన్నకేశవులు


హిందూపురం,
18-7-1957

చెన్నకేశవులుకు,

నీ కవరు అందింది. సెలవడిగాను. జ్వరం తగ్గేదాకా ఆఫీసులో ఎవరికీ సెలవు లేదన్నారు. శనివారం లెక్కలు సోమవారం చేరతాయి, అవి కలిపి పైకి పంపేసి ఆ సాయంత్రం బండికి వస్తాను. ఆఫీసరుగారు అంతవరకు ఒప్పుకున్నారు. ధర్మవరం డాక్టరుకు పెనిసిలిన్ కోసం తంతి కొట్టాను, ఆయన దగ్గరా అయిపోయిందట.

రోజూ ఒక కార్డు రాయి. నాగమ్మను కూర్చోబెట్టే ఉంచు. దించనివ్వకు. నీకు చెప్పవలసిన పనిలేదు, నువ్వే నాకు చెప్పినవాడివి. అమ్మ మాట వినవద్దు. నేను చెప్పానని చెప్పు.

తిమ్మరాజు


హిందూపురం,
5-8-1957

చెన్నకేశవులుకు,

కర్మలు అయ్యాక ఇవాళే ఆఫీసుకు వచ్చాను. అమ్మ, బుజ్జమ్మ నా దగ్గరే ఉన్నారు. బుజ్జమ్మ రైలు కూత వినబడినప్పుడల్లా వాకిట్లోకి పరుగెత్తుతోంది. వాళ్లమ్మ కాదని ఎవరూ చెప్పడం లేదు. నేనూ చెప్పలేదు.

నేను లేని ఈ పదిహేను రోజుల్లో నా బల్ల మీది కాగితాలు ఎవరూ ముట్టలేదు. మీ ఇరవయ్యో తేదీ స్టేట్‌మెంటు పైనే ఉంది. విప్పి చూశాను. మొత్తం మంచాలు ఎనిమిది, రోగులున్నవి సున్న, ఖాళీ ఎనిమిది. లెక్క తీసిన సమయం పొద్దున ఎనిమిది అని నీ చేత్తోనే రాసి ఉంది.

నువ్వు నాకు కొట్టిన తంతి నా దగ్గరే ఉంది. నాగమ్మ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పోయింది అని ఉంది. నేను సాయంత్రం బండికి పరుగెత్తుకుని వచ్చేసరికి వసారాలో నేల మీద ఉంది. పోయినాక దించారనుకున్నాను. ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదు, మట్టి చేసి వచ్చేశాను.

ఒంటిగంటకు పోయిన మనిషి ఎనిమిది గంటలకు ఏ మంచం మీద ఉంది? ఈ పని చేసి చేసి నాకు అంకెలు సరిపోకపోతే నిద్రపట్టదు. నువ్వు తొందరలో తప్పు రాశావని అనుకోవాలని ఉంది. అట్లా అయితే అట్లాగే రాయి, నమ్ముతాను.

తిమ్మరాజు


పెనుకొండ,
9-8-1957

బావగారికి,

తప్పు రాయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం దాకా అక్క మంచం మీదే ఉంది. మాట్లాడుతూనే ఉంది. నా చెవి కూడా పిండింది, చిక్కిపోయానని. దీపాలు పెట్టే వేళకు ఎగశ్వాస మొదలైంది. పెదవులు నల్లబడ్డాయి. అత్త లేచి నిలబడి, "ఇంగ దించు నాయనా" అంది. నేను వద్దన్నాను. మీరు చెప్పారని కూడా చెప్పాను. "వాడు ఆడ కూసోని చెప్తాడు. కడుపుతో ఉండే పిల్ల, మంచం మీద పోతే ఇద్దరికీ గతి ల్యాకుండా పోతాది. నీ చేతులార ఆ పని చేస్తావా?" అంది. వసారాలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూస్తున్నారు. ఉలిగమ్మ కూడా ఉంది, మొగుడు పోయినాక కొడుక్కు జ్వరమొస్తే తెచ్చుకుంది.

బావా, ఈరన్నను దించేటప్పుడు నాకు ఎంత ధైర్యముండిందో! ముప్పై నలభై మందికి అడ్డం పోయాను. వాళ్లను గొడ్లని తిట్టాను. మా అక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఒక్కటే భయం పట్టుకుంది. ఎట్లాగూ పోతుందేమో, పోయేది సరిగ్గా కూడా పోనివ్వలేదే అని జన్మంతా ఏడవాల్సి వస్తుందేమో అని. నేను కాంపౌండరుననేది ఆ నిమిషంలో నాలో ఎక్కడా లేదు.

అత్త తలవైపు పట్టుకుంది. కాళ్లవైపు నేను పట్టుకున్నాను. మేమిద్దరమే దించాం.

అది పోలేదు. ఆ రాత్రంతా బతికే ఉంది. తెల్లవారేసరికి కొంచెం తేరుకుంది కూడా, పెదవుల నలుపు తగ్గింది. నన్ను పిలిచింది. "తమ్ముడూ, బండ సల్లగా ఉండాది. నన్ను మంచం మీదికి ఎక్కీరా" అంది. అత్త వద్దని తల ఊపింది. దించిన మనిషిని మళ్లీ ఎక్కిస్తే ఇంటికే మంచిది కాదట. అక్క మళ్లీ అడిగింది. "నాదేగదరా ఆ మంచం" అంది. నేను వంగి దాని చంకల కింద చేతులు కూడా పెట్టాను. అందరూ చూస్తున్నారు. చేతులు తీసేశాను.

అప్పుడు ఎనిమిదైంది. తొమ్మిదికి టపా కడతారు. ఫారం తీసుకుని, పారిపోయినట్లుగా లోపలికి పోయాను. మంచాలు ఒక్కొక్కటే తాకి లెక్కపెట్టాను. నాలుగో దాని మీద దుప్పటి ముడతలు పడి ఉంది, దిండ్లు మూడూ అట్లాగే ఉన్నాయి. దాన్ని కూడా లెక్కలో వేశాను. కిటికీలోంచి అక్క దగ్గు వినబడుతూనే ఉంది.

అక్క పదకొండింటికి మాట మానేసింది. మీరు అడిగేదాకా చెప్పకూడదనుకున్నాను. అడగకపోతే ఎప్పటికీ చెప్పేవాణ్ణి కాదు. అత్తను ఏమీ అనవద్దు, ఆమె తన తండ్రికి చేయించిందే కోడలికీ చేసింది. తెలిసి చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

చెన్నకేశవులు


హిందూపురం,
16-8-1957

చెన్నకేశవులుకు,

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంది. నా మీద నాకున్నది అంతకంటే ఎక్కువ. ఆ ఊరికి పంపింది నేను. ఆ మంచాలు చూపించి డాక్టరును పక్కకు తిప్పింది నా శుద్ధప్రతి. లెక్కలు కలపాలని శనివారం దాకా ఇక్కడే కూర్చున్నది కూడా నేనే. అమ్మను ఏమీ అనలేదు. ఆమె బుజ్జమ్మకు అన్నం పెడుతోంది, నేను తింటున్నాను, ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఆమె మంచం గోడకు నిలబెట్టేసి నేల మీద పడుకుంటోంది.

నిన్న ఆఫీసులో జెండా ఎక్కించాక ఆఫీసరుగారు పైనుంచి వచ్చిన కాగితం చదివారు. జ్వరకాలమంతా మంచాలు ఖాళీగా ఉంచి సంసిద్ధత చూపినందుకు కోటవాకిలి ఆసుపత్రిని మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టారు. అది నీకు వేరే టపాలో వస్తుంది, గోడకు తగిలించమంటారు. నీ ఇష్టం.

నేల మీద ఉన్నవాళ్లకు ఒక కాలం చేర్చాలని మళ్లీ నోటు పెట్టాను. ఫారాలు ఐదేళ్లకు సరిపడా అచ్చయ్యాయట. పాత స్టేట్‌మెంట్లన్నీ ముందు వేసుకుని కూర్చున్నాను. ఈరన్నకు గానీ మిగిలినవాళ్లకు గానీ వాటిలో పేరూ లేదు, అంకే లేదు. నువ్వు రిమార్కుల్లో రాసినవి నేనే చించి పారేశాను. వాళ్లను ఇప్పుడు తిరిగి తేలేను. ఒక్కటి మాత్రం నా చేతిలో ఉంది. నేను లేనందువల్ల జులై ఇరవై లెక్క ఇంకా పైకి పోలేదు.

ఆ స్టేట్‌మెంటు ఇందుతో వాపసు పంపుతున్నాను. రెండో కాలంలో సున్న కొట్టేసి ఒకటి వేయి. మూడో కాలంలో ఎనిమిది కొట్టేసి ఏడు రాయి. పోయింది లెక్క తీశాక అయినా, ఐదో కాలంలో కూడా ఒకటి వేసి, పక్కన పేరు రాయి: నాగమ్మ, తిమ్మరాజు భార్య, ఇరవై ఎనిమిదేళ్లు. దిద్దిన ప్రతిచోటా పొట్టి సంతకం పెట్టు. అంకెలు గుండ్రంగా రాయి.

ఆ పొద్దున ఎనిమిది గంటలకు నాలుగో నంబరు మంచం ఖాళీగా లేదు. అది తనదేనని నాగమ్మ చెప్పింది. లెక్క తీసినవాడివి నువ్వు విన్నావు.

తిరుగు టపాలో పంపు.

తిమ్మరాజు